తాగని మనిషి గీసిన వైన్ రూటు

వచ్చే అక్టోబర్‌లో ఉత్తర ఇటలీ పోతున్నాం. నేను, మా ఆయన, మా తమ్ముడు, మరదలు, ఒక అద్దె కారు. ద్రాక్ష తోటలు, వైన్ తీసే ఊళ్ళు, రోమన్ల కట్టడాలు, పాత కోటలు ఒకే దారిలో చుట్టి రావాలని ఆలోచన. రూటు గీసే పనీ, కారు నడిపే పనీ రెండూ నాకే వచ్చాయి. నలుగురిలో చుక్క ముట్టనిది నేనే కాబట్టి కారు నాకు రావడం న్యాయమే. రూటు మాత్రం ఒంగోలులో సోషల్ టీచర్‌గా రిటైరైన పాపానికి వచ్చింది.

"రోమ్, పీసా చూసి రాక ఆ తోటలెందుకు మేడం?" అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు. మా ఆయనది చీమకుర్తి గ్రానైట్ ఎగుమతుల పని. నల్లటి రాయిలో రాగి రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ మా చీమకుర్తిది. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజానిది. దాన్ని కొనేవాళ్ళలో ఇటలీ వాళ్ళు పాత ఖాతాదారులు. ఏటా సెప్టెంబర్ చివర్లో వెరోనాలో మార్మోమాక్ అనే రాళ్ళ ప్రదర్శన జరుగుతుంది. ఆయన దానికి చాలాసార్లు వెళ్ళొచ్చారు. ఏం చూశారండీ అంటే హాల్ నంబర్లు చెబుతారు, హోటల్లో టిఫిన్ బాగుందంటారు. ఊరి నడిబొడ్డున రెండువేల ఏళ్ళ నాటి రోమన్ల ఆటల మైదానం, అరీనా ఉంటే దాని పక్కన పిజ్జా తిని వచ్చారట. ఈసారి ప్రదర్శన అయ్యాక ఆయన అక్కడే ఆగుతారు, మేం ముగ్గురం వెనక బయల్దేరి వెళ్ళి కలుస్తాం. ప్రదర్శన జరిగే రోజుల్లో వెరోనాలో గది దొరకదు, దొరికినా రేటు విని లేచి రావాల్సిందే. అందుకే అక్టోబర్.

అసలు అడ్డంకి వీసా దగ్గర రాలేదు, మా అమ్మ దగ్గర వచ్చింది.

మా పుట్టిల్లు కలిగిరి వైపు. దూబగుంట మా పక్కనే. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట పలకలు పట్టిన ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించిన సంగతి అందరికీ తెలిసిందే. దూబగుంట రోశమ్మ పేరు అప్పుడు రాష్ట్రమంతా మోగింది. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు, వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. అప్పట్లో మా అమ్మ చీపురు పట్టుకుని అంగడి ముందు నిలబడ్డ మనిషి. ఈ ప్రయాణం మాట చెవిన పడగానే, "ఏందిమే, సారా మూయించిన ఊరి ఆడబిడ్డవి, సారా కాసే ఊళ్ళు చూసేదానికి లక్షలు పెట్టుకోని పోతావా?" అంది.

"వైన్ అంటే సారా కాదమ్మా, అది అక్కడ కల్చర్" అని తమ్ముడు సర్దబోయాడు. ఆ మాట నాకు నచ్చలేదు. ఖరీదైన సీసాలో పోసినంత మాత్రాన మత్తు మారదు. కూలివాడు తాగితే తాగుబోతు, షావుకారు తాగితే అభిరుచి అనడం నేను క్లాసులో ఏ పిల్లకాయనీ అననివ్వలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఎందుకు అననిస్తాను? ఆ ఇటలీలోనే 1986లో చవక వైన్‌లో మిథైల్ ఆల్కహాల్ కలిపి అమ్మితే ఇరవై మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. కల్తీ మొదలైంది మేం పోబోయే పీడ్‌మాంట్ ప్రాంతంలోనే. మన కల్తీ సారా వార్తలకీ దానికీ తేడా ఏముంది? ఆ దెబ్బ తర్వాతే అక్కడ తనిఖీలు గట్టిపడ్డాయి.

మరి ఎందుకు పోతున్నానంటే, అక్కడ ద్రాక్ష తోటను చదివితే చరిత్ర అర్థమవుతుంది. ఎవరు ఏలారు, ఏ దారిన సరుకు కదిలింది, ఎవరు కూలి చేశారు అన్నీ ఆ కొండల మీదే ఉన్నాయి. అది చూడటానికి గ్లాసు ఎత్తక్కర్లేదు. అమ్మకు ఇదే చెప్పాను. ఒప్పుకుందని చెప్పను, ఊరుకుంది.

ఇక రూటు. చెన్నై నుంచి వెనిస్‌లో దిగి, మిలాన్ నుంచి తిరిగి రావడం. దిగిన చోటుకే మళ్ళీ వెనక్కి పోయే పని లేకుండా టికెట్ ఇలా తీసుకుంటే ఒక పూట ప్రయాణం మిగులుతుంది. తూర్పు నుంచి పడమరకు పోతాం. క్రీస్తుపూర్వం 148లో రోమన్లు జెనోవా నుంచి అక్విలేయా దాకా వేసిన వియా పోస్తూమియా అనే రోడ్డు ఈ మైదానం మీదుగానే పోయేది, వెరోనా ఊరి మధ్యలోంచి. ఇప్పటి ఏ4 హైవే వెనిస్, పదువా, వెరోనా, బ్రెషా, మిలాన్, టురిన్‌లను కలుపుతుంది. మేం పట్టుకునేది దాన్నే. రోజుకొక ఊళ్ళో సూట్‌కేసు విప్పే రకం ప్రయాణాలు నాకు పడవు. అందుకే మజిలీలు తక్కువ పెట్టాను. వెనిస్‌లో కొంచెం, వెరోనాలో ఎక్కువ, పీడ్‌మాంట్‌లోని ఆల్బా దగ్గర ఇంకా ఎక్కువ, చివర్లో కోమో.

వెనిస్‌లో కారు ఉండదు, ఉన్నా పనికిరాదు. ఊరు వదిలేటప్పుడే తీసుకుంటాం. వెనిస్‌లో నాకు కావాల్సింది గోండోలా షికారు కాదు. రియాల్టో వంతెనకు దగ్గర్లో మాలిబ్రాన్ నాటకశాల ఉంది. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఆ స్థలంలోనే ఉండేది, వెనకనున్న చిన్న ఆవరణకు ఇప్పటికీ ఆయన పుస్తకం పేరే. ఆ మనిషి 1271లో అక్కడి నుంచి బయల్దేరి 1295లో తిరిగొచ్చాడు. తర్వాత జెనోవా వాళ్ళ చేతికి చిక్కి, 1298లో జైల్లో ఉండగా తన కథ చెబితే పక్కనున్న ఖైదీ రాశాడు. అందులో ముత్ఫిలి అని ఒక రాజ్యం వస్తుంది. అది మన మోటుపల్లి. చినగంజాం దగ్గరి మోటుపల్లే, జిల్లాలు మారాక బాపట్లలోకి పోయింది గానీ మాకు ఇప్పటికీ ప్రకాశమే. అక్కడ న్యాయం తప్పని ఒక రాణి నలభై ఏళ్ళుగా ఏలుతోందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడులా పలచగా ఉండే బట్టలు నేస్తారని ఆయన చెప్పాడు. ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. మన రుద్రమదేవి గణపతిదేవుడి కూతురు. బజారు కబురు విని చెప్పినవాడికి ఆ మాత్రం తేడా వస్తుంది, వదిలేద్దాం. గణపతిదేవుడు 1244లో అదే మోటుపల్లిలో పరదేశి వర్తకులకు అభయమిస్తూ, ఏ సరుకుకు ఎంత సుంకమో తేల్చి చెబుతూ శాసనం వేయించాడు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు రాజులు లాక్కునే కాలంలో, మేం లాక్కోం, సుంకం కట్టి తీసుకోండి అన్నాడు. ఆ శాసనం గురించి పిల్లకాయలకు ఏళ్ళ తరబడి చెప్పాను. ఇప్పుడు ఆ కబురు యూరప్‌కు మోసినవాడి వీధి చూడాలి.

పదువాలో ఒక పూట. స్క్రోవెన్యీ ప్రార్థనామందిరంలో 1305 నాటికి జొత్తో వేసిన గోడబొమ్మలున్నాయి. బొమ్మలు పాడవకుండా ముందు ఒక గదిలో కూర్చోబెట్టి గాలి సమం చేసి, ఆ తర్వాత పావుగంట మాత్రమే లోపలికి పంపుతారు. టికెట్ ముందే బుక్ చేసుకోవాలి. దాన్ని కట్టించినవాడు పేరుమోసిన వడ్డీ వ్యాపారి కొడుకు. తండ్రి పాపం కడుక్కోవడానికి కట్టించాడని చెబుతారు.

వెరోనా దగ్గర మా ఆయనా నేనూ మొదటిసారి ఒకే మాట మీదికి వచ్చాం. అరీనా కట్టింది ఊరి పక్కనున్న వల్పొలిచెల్లా కొండల రాయితో, తెలుపూ గులాబీ కలిసిన సున్నపురాయి. 1117 భూకంపంలో దాని బయటి గోడ కూలిపోతే నాలుగు తోరణాలు మాత్రం నిలిచాయి. వైన్ ప్రపంచంలో వల్పొలిచెల్లా అంటే ద్రాక్ష, మా ఆయనకు వల్పొలిచెల్లా అంటే క్వారీ. ఆయన ఏటా పోయే ఆ ప్రదర్శన 1961లో మొదలైంది వెరోనాలో కాదు, ఆ కొండల్లోని సంతాంబ్రోజో అనే ఊళ్ళో. అంటే రాయి తీసే ఊరూ, వైన్ తీసే ఊరూ ఒకటే. ఈ సంగతి చెప్పాక ఆయనకు మా ప్లాను మీద నమ్మకం కుదిరింది. అంతకుముందు ఇదంతా తమ్ముడి సరదా అనుకునేవారు.

తమ్ముడికి అక్కడ ఇంకో పని ఉంది. వాడు కందుకూరు వైపు పొగాకు రైతు. వల్పొలిచెల్లాలో పేరున్న వైన్ అమరోనె. దానికి కోర్వీనా, రొండినెల్లా లాంటి నల్ల ద్రాక్షను సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో చేత్తో కోసి, వెంటనే పిండరు. మిద్దెల మీది గాలి గదుల్లో వెదురు తట్టల మీదో, ప్లాస్టిక్ ట్రేల్లోనో పలచగా పరిచి వంద రోజులకు పైగా ఆరబెడతారు. బరువులో మూడో వంతుకు పైగా నీరు పోతుంది, తీపి చిక్కబడుతుంది. అప్పుడు పిండి పులియబెడితే ఆల్కహాల్ పద్నాలుగు శాతం దాటుతుంది. తీపి మిగిలేలా మధ్యలో ఆపితే అది రెచోతో. ఈ కథ విన్న వెంటనే వాడు, "అంటే బ్యారన్ కదక్కా!" అన్నాడు. బ్యారన్ అంటే పొగాకు ఆకు కాల్చే కొట్టు. మంట ఒక్కటే తేడా. మా బ్యారన్‌లో కర్రలకు ఆకు కుట్టి పొయ్యి వేడితో వారంలో కాల్చేస్తారు, అక్కడ కిటికీలు తెరిచి గాలికి వదిలేస్తారు. తేమ ఎక్కువైతే బూజు పడుతుందన్న భయం మాత్రం రెండు చోట్లా ఒకటే. వాన పడ్డ రాత్రి లేచి బ్యారన్ చూసొచ్చే మనిషికి ఆ టెన్షన్ ఎవరూ చెప్పక్కర్లేదు. మేం పోయే రోజులకు ఆ గదులు అప్పుడే నిండుతుంటాయి. అక్టోబర్ పట్టు పట్టడానికి ఇదీ ఒక కారణం.

ఈ ఆరబెట్టే పద్ధతి ఎంత పాతదంటే, ఆరో శతాబ్దంలో ఇటలీని ఏలిన గోతు రాజుల మంత్రి కస్సియోడోరస్ వెరోనా నుంచి రాజుగారి బల్లకు వైన్ తెప్పించమని రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. శరత్కాలంలో కోసిన గుత్తులను ఇంట్లో వేలాడదీస్తారని, చలికాలం వచ్చాక పిండుతారని అందులో వర్ణించాడు. రోమ్ సామ్రాజ్యం కూలిపోయి, కొత్త రాజులు వచ్చి, ఊళ్ళు తగలబడుతున్న రోజులవి. పన్నుల లెక్కలు చూసుకునే మంత్రి ద్రాక్ష ఎలా ఆరబెడతారో అంత ఓపిగ్గా రాశాడు. నేను ఉద్యోగంలో ఉండగా డీఈఓ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాలు ఇలా ఉంటే ఎంత బాగుండేదో.

వెరోనాకు తూర్పున సోవావె. చుట్టూ గోడ, కొండ మీద కోట ఉన్న చిన్న ఊరు. అక్కడ తెల్ల ద్రాక్ష, గర్గానెగా. నేల కొంత సున్నపురాయి, కొంత పాత అగ్నిపర్వతాల బసాల్టు. నల్లరాయి మీద పెరిగిన తోటలో వైన్ వేరేలా ఉంటుందని వాళ్ళంటారు. మా ఆయన ఆ రాయి చూస్తారు, మిగతా ఇద్దరూ ఆ వైన్ చూస్తారు, నేను కోట ఎక్కుతాను. ఒక ఊళ్ళో నలుగురికీ పని దొరికితేనే లిస్టులో పెట్టాను. వెనిస్‌కు ఉత్తరాన ప్రొసెక్కో కొండలున్నాయి, 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి. అందంగా ఉంటాయి, నిజమే. మాకు మాత్రం అటు పోతే ఒక రోజు పోతుంది, కొట్టేశాను. మాంటువాకు ఒక పూట ఇచ్చాను, రోమన్ కవి వర్జిల్ పుట్టిన చోటు ఆ ఊరి దగ్గరే. వెరోనా కొండల వైన్‌ను ఆ కవి మెచ్చుకున్నాడు, రోమన్లు మెచ్చిన ఫలెర్నియన్ అనే వైన్ తర్వాతే సుమా అని ఒక మెలిక పెట్టి.

కారు సంగతి వివరంగా రాయాలి, ఎందుకంటే ప్లానులో నా నిద్ర చెడగొట్టింది ఇదే. ఇటలీలో కుడివైపు నడపాలి. మన లైసెన్సుతో పాటు రవాణా శాఖ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అది ఏడాది చెల్లుతుంది. అక్కడ అద్దె కార్లు ఎక్కువగా గేర్లవి. ఆటోమేటిక్ కావాలంటే బుక్ చేసేటప్పుడే అడగాలి, ఖరీదు ఎక్కువ. ఎడమచేత్తో గేరు వేయడం అలవాటున్న మనిషిని, ఈ వయసులో కుడిచేత్తో నేర్చుకోను, ఆ డబ్బేదో కట్టేస్తాను. హైవే మీద గంటకు 130 కిలోమీటర్లు, వాన పడితే 110, మామూలు రోడ్ల మీద 90, ఊళ్ళో 50. టోల్ దగ్గర చీటీ తీసుకుని దిగేచోట డబ్బు కట్టాలి. టెలిపాస్ అని పసుపు రంగులో ఉన్న వరసలోకి మాత్రం దూరకూడదు, అది మన ఫాస్టాగ్ లాంటిది ఉన్నవాళ్ళకు.

అన్నిటికంటే ప్రమాదం పాత ఊళ్ళ మధ్యలో ఉండే నిషేధిత మండలాలు. బోర్డు మీద జెడ్‌టీఎల్ అని ఉంటుంది. స్థానికుల బళ్ళు తప్ప వేరేవి పోతే కెమెరా ఫోటో తీస్తుంది. పోలీసు ఆపడు, విజిల్ ఊదడు. నెలల తర్వాత అద్దె కంపెనీ ద్వారా ఇంటికి జరిమానా కాగితం వస్తుంది. అందుకే వెరోనాలోనూ, ఆల్బాలోనూ బస పాత ఊరి గోడకు బయటే చూశాను. పార్కింగ్‌లో తెల్ల గీత ఉచితం, నీలం గీతకు డబ్బు కట్టాలి, పసుపు గీత మనది కాదు.

తాగి నడిపే విషయంలో అక్కడి హద్దు లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్. రుచి చూసే చోట నాలుగైదు రకాలు కొంచెం కొంచెం పోస్తారు. ఉమ్మేయడానికి గిన్నె కూడా పెడతారు, అది అక్కడ మర్యాదే. మా తమ్ముడు ఉమ్మే రకం కాదు. కాబట్టి డ్రైవరు విషయంలో చర్చే లేదు.

పీడ్‌మాంట్ నా పక్షపాతం, ముందే చెప్పేస్తున్నా. ఇటలీ ఏకీకరణ పాఠం ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. మాజినీ ఆత్మ, గారిబాల్డీ కత్తి, కవూర్ మెదడు అని బోర్డు మీద రాస్తే పిల్లకాయలు బట్టీపట్టేవాళ్ళు. ఆ కవూర్ 1832 నుంచి 1849 దాకా గ్రిన్‌జానె అనే చిన్న పల్లెకు మేయర్ అని, అక్కడి కుటుంబ భూముల్లో తోటలు బాగుచేయించాడని ఏ టెక్స్ట్‌బుక్కూ చెప్పలేదు. ఆ కోట ఇప్పుడూ ఉంది, ఊరు పేరుకు ఆయన పేరు కలిపేసి గ్రిన్‌జానె కవూర్ అంటారు. బరోలో వైన్‌కు పందొమ్మిదో శతాబ్దంలో పేరు తెచ్చినవాళ్ళలో కవూర్‌తో పాటు బరోలో జమీందారిణి జూలియా ఫల్లెత్తీ ఒకరు. ఆమె టురిన్ జైళ్ళలో ఆడ ఖైదీల కోసం చాలా పని చేసింది. 1861 మార్చిలో ఇటలీ రాజ్యం ఏర్పడింది, జూన్‌లో కవూర్ చనిపోయాడు. 1865 దాకా రాజధాని టురినే. ఒక రోజు అక్కడికీ పోతాం. ఆ ఊళ్ళో 1824లో మొదలైన ఈజిప్టు మ్యూజియం కూడా ఉంది, మరదలికి మమ్మీలు చూడాలట.

బరోలోను నెబ్బియోలో అనే ఒక్క ద్రాక్షతోనే చేస్తారు. కోత అక్టోబర్‌లో. అమ్మకానికి పెట్టాలంటే 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. పక్క ఊరు బార్బరెస్కోకు 26 నెలలు. బరోలో కొండల్లో పడమటి వైపు లా మొర్రా, బరోలో ఊళ్ళ మట్టి కొంచెం మెత్తటి నీలిబూడిద మార్ల్, అంటే సున్నం కలిసిన బంకమట్టి. తూర్పున సెర్రలుంగా వైపు మట్టి ఇంకొంచెం పాతది, ఇసుకరాయి పొరలున్నది. పడమటి వైన్ త్వరగా సాధువవుతుందని, తూర్పుది ఏళ్ళ తరబడి బిర్రుగా ఉంటుందని అక్కడివాళ్ళు మోటుగా చెప్పే లెక్క. ఆ మట్టి వయసు కోటి ఏళ్ళ పైచిలుకు అని మా ఆయనకు చదివి వినిపిస్తే నవ్వారు. చీమకుర్తి రాయి వంద కోట్ల ఏళ్ళు దాటినది, ఆయన లెక్కలో బరోలో కొండ నిన్నటి మొన్నటిది. సరే, ఆ ఎకసెక్కాలు అక్కడి రైతు ముందు చేయొద్దని చెప్పి ఉంచాను.

బార్బరెస్కోలో నేను చూడాలనుకునేది సహకార సంఘం. 1894లో ఆల్బా వైన్ స్కూల్ ప్రిన్సిపాల్ దొమీత్సియో కవాత్సా ఊరి రైతులను కూడగట్టి ఒకటి పెట్టాడు, ఫాసిస్టుల కాలంలో అది మూతపడింది. 1958లో ఊరి చర్చి ఫాదర్ పందొమ్మిది మంది రైతులను మళ్ళీ కలిపాడు. మొదటి మూడేళ్ళ వైన్ చర్చి నేలమాళిగలోనే తీశారు. ఆ సంఘం ఇప్పటికీ నడుస్తోంది, పేరున్న వైన్ చేస్తోంది. వేలం ప్లాట్‌ఫాం మీద పొగాకు బేలు పెట్టి, కొనేవాడు రేటు తగ్గిస్తే నోరు మూసుకుని ఇంటికొచ్చే తమ్ముడికి మిగతా కోటలన్నీ చూపించకపోయినా ఇది చూపించాలి. కోత కాలం కాబట్టి చిన్న చిన్న తోటలవాళ్ళు బిజీగా ఉంటారు. ముందే మెయిల్ పెట్టి టైం తీసుకోవాలి, ఆదివారాలు చాలాచోట్ల ఉండరు, మధ్యాహ్నం భోజనం వేళ తలుపులు మూసేస్తారు. రోజుకు రెండు చోట్లకు మించి పెట్టలేదు. అంతకంటే ఎక్కువైతే చూసినవన్నీ ఒకటే అనిపిస్తాయి, తాగేవాళ్ళకైతే నిజంగానే ఒకటవుతాయి.

ఆల్బా నుంచి కోమోకు పోయే దారిలో వెర్చెల్లి మీదుగా మళ్ళించాను. జీపీఎస్ చూపించేది వేరే దారి. వెర్చెల్లి వరి దేశం. యూరప్‌లో అందరికంటే ఎక్కువ బియ్యం పండించేది ఇటలీయేనని నెల్లూరు వాళ్ళకు చెబితే నమ్మరు. ఆ మాగాణికి నీళ్ళిచ్చే పెద్ద కాలువను 1863 నుంచి 1866 దాకా తవ్వారు. పో నది నుంచి ఎనభై కిలోమీటర్లకు పైగా పోతుంది, దాని పేరు కవూర్ కాలువ. ఆ పొలాల్లో మోకాలి లోతు నీళ్ళలో వంగి కలుపు తీసింది ఆడవాళ్ళు. మొందీనెలు అంటారు. వేరే ఊళ్ళ నుంచి వలస వచ్చి, కొట్టాల్లో పడుకుని, దోమల మధ్య పనిచేసిన ఆ కూలీలు సమ్మెలు కట్టి 1906లో వెర్చెల్లిలో ఎనిమిది గంటల పనిదినం సాధించారు. అమ్మకు ఫోన్లో ఈ కథ చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అక్కడ నాటేసేదానికి ఇప్పుడు మిషన్లు వచ్చినాయా?" అని అడిగింది. వచ్చాయమ్మా, విత్తనాలే చల్లేస్తారు, కలుపుకు మందు కొడతారు అంటే, "అయితే ఆళ్ళు యాడికి పోయినారు?" అంది. వైన్ గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి ప్రశ్న వేసినవాళ్ళు లేరు.

కోమో సరస్సు అందం గురించి లోకమంతా రాసింది, నేను రాయను. నేను అక్కడికి పోయేది పెద్ద ప్లినీ అనే రోమన్ రచయిత కోసం. ఆయన ఊరు కోమో. ఇండియా రోమ్ సామ్రాజ్యం నుంచి ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని, పంపే సరుకును వంద రెట్లకు అమ్ముకుంటోందని మొదటి శతాబ్దంలో మొత్తుకున్నాడు. ఆయన మాట ఉత్తది కాదని మన నెల్లూరే సాక్ష్యం. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే పాత గుడి ఇటుకలు తగిలాయి. కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనా బొమ్మలతో, రెండో శతాబ్దానివి. పాపం ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేసుకున్నాడు, చాలావరకు కరిగించేశారు, కొన్ని మిగిలాయి. కోమో కెథెడ్రల్ ముఖద్వారానికి అటూ ఇటూ పెద్ద ప్లినీ, ఆయన మేనల్లుడు చిన్న ప్లినీ విగ్రహాలుంటాయి. వెళ్ళి ఒక నమస్కారం పెట్టి, మీ డబ్బు యూరోల్లో తిరిగి కట్టేస్తున్నామని చెప్పాలి. ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసాకు మనిషికి 90 యూరోలు, ముప్పై వేల యూరోలకు తగ్గని ఇన్సూరెన్స్, ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు. లెక్క సరిపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు పెద్దవాళ్ళు ఒక్కొక్కరు రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. తమ్ముడు నా రెండు లీటర్ల మీద అప్పుడే కన్నేశాడు. ఇవ్వనని చెప్పాను, ఆ బరువుకు నేను వెరోనా దగ్గర పండే వియాలోనె నానో బియ్యం తెచ్చుకుంటాను.

ప్లానులో ఒక్క రోజు ఖాళీగా వదిలాను. తమ్ముడు బ్రెషా దగ్గర ఫ్రాంచకోర్తాలో బుడగల వైన్ చూద్దామంటున్నాడు. మా ఆయన ఇంకో క్వారీ పేరు చెబుతున్నారు. మరదలు మిలాన్‌లో బట్టల షాపులంటోంది. కారు తాళం మాత్రం నా చేతిలోనే ఉంటుంది, ఎవరు బాగా అడుగుతారో చూస్తాను.